కోనసీమలో పాత మండువా లోగిలి: హోమ్‌స్టేగా మార్చాలంటే ముందు ఏ పని పట్టుకోవాలి?

గౌతమీపాయ
అమలాపురం దగ్గర తాతల నాటి మండువా లోగిలి, 1930ల్లో కట్టింది. నాలుగు వైపులా పెంకు వాలు, మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ టేకు స్తంభాలు, వీధి వైపు అరుగులు, వెనక పంచ (వెనక వరండా), పెరట్లో నుయ్యి. బాబాయి, పిన్ని అందులోనే ఉంటున్నారు. నాలుగు గదులు అతిథులకిచ్చి పొద్దున్నే టిఫిను పెట్టే పద్ధతిలో నడపాలని ఇంట్లో అందరం అనుకున్నాం. చూడ్డానికొచ్చిన కాంట్రాక్టరు చెప్పింది ఇదీ: పాత గార కొట్టేసి సిమెంటు ప్లాస్టరింగు, నేల మీద విట్రిఫైడ్ టైల్సు, మండువా మీద పాలీకార్బనేట్ షీటు, ప్రతి గదిలో ఓ మూల బాత్రూము. రెండు నెలల్లో తాళాలు చేతికిస్తానన్నాడు. ఇందులో ఒక్కటీ మింగుడు పడటం లేదు. గోడలకి నేల మట్టం నుంచి మూడడుగుల ఎత్తు దాకా చెమ్మ. ఉప్పు పొంగి పెచ్చులు రాలుతున్నాయి. రెండు చోట్ల వాసాలకి చెదలు. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

టేకుదూలం
పైకప్పుతో. మిగతావన్నీ దాని తర్వాతే. కారే కప్పు కింద ఏం చేసినా డబ్బు నీళ్లపాలే.

సున్నపుగానుగ
కప్పు సంగతి టేకుదూలం గారు చెబుతారు, నేను గోడ గురించి చెబుతాను. సిమెంటు మాట ఎత్తితే ఆ మేస్త్రిని అక్కడే ఆపేయండి. ఆ కాలపు గోడలో ఇటుకని మట్టితోనో సున్నంతోనో పేర్చి ఉంటారు. భూమి నుంచి పైకి లాగిన చెమ్మని గోడ మొత్తం ఒంటితో బయటికి వదిలేస్తుంది. మీద ముప్పావు అంగుళం సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ ఆగదు, సిమెంటు అంచు దాటి ఇంకా పైకి పాకుతుంది. మూడడుగుల మచ్చ ఐదడుగులు అవుతుంది. ద్వారబంధాల కాళ్లు, గోడలో దిగిన దూలాల చివర్లు ఆ తడికే పుచ్చిపోతాయి.

ముందు గోడ ఏ రకమో తేల్చుకోండి. రెండు ఇటుకల మధ్య నుంచి నిమ్మకాయంత అడుసు, అంటే వాటిని అతికించిన ముద్ద, గీకి గ్లాసు నీళ్లలో వేయండి. కాసేపట్లో కరిగి అడుగున బురదలా కూర్చుంటే మట్టి. గట్టిగా నిలబడి, ఇంకో ముక్క మీద వెనిగరు చుక్క వేస్తే బుసబుసమంటే సున్నం.

చేయాల్సిన వరస: తడి మచ్చ పై అంచుకి ఇంకో అడుగు ఎత్తు దాకా పాత పూత తీసేయండి. ఇటుకల సందులు అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం లోతు గీకండి. పైకొచ్చిన ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపి, ఎత్తి బయట పారేయండి. నీళ్లతో మాత్రం కడగొద్దు, ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఆ తర్వాత గోడని ఓ వేసవంతా అలా వదిలేయాలి. తొందరపడి పూస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ పెచ్చులే.

పూతకి చెమ్మ ఉన్న కింది భాగంలో సున్నం ముద్ద 1, ఇటుక పొడి అంటే సుర్ఖీ 1, ఇసుక 2 పాళ్లు. పైన పొడిగా ఉన్న గోడకి సున్నం 1, ఇసుక 3 సరిపోతుంది. ఒక్కో పూత 10-12 మిల్లీమీటర్లు దాటకూడదు. మందంగా ఒకేసారి కొడితే నెర్రెలు విచ్చుతుంది. ప్రతి పూతకీ కనీసం వారం తడి గోనెలు కప్పాలి.

రాజోలు_రేవు
ఇక్కడ చెమ్మకి అసలు కారణం ఒకటి ఎవరూ చూడరు. వీధి సీసీ రోడ్డు. ఒకదాని మీద ఒకటి పోసుకుంటూ పోయారు. అప్పట్లో రోడ్డుకి మూడడుగులు ఎత్తున్న అరుగు ఇప్పుడు అడుగున్నర ఉంటుంది. వాన నీళ్లన్నీ గోడ వైపే వాలతాయి. గౌతమీపాయ గారూ, బయట నేల మట్టం ఎంతుందో, లోపల నేల మట్టం ఎంతుందో ముందు కొలవండి.

సున్నపుగానుగ
రాజోలు_రేవు గారి మాట వెయ్యి పాళ్లు నిజం. బయట మట్టం లోపలికంటే ఎక్కువుంటే గోడకి ఏ మందు పూసినా దండగ. గోడకి అడుగు ఎడంగా, అడుగు వెడల్పు, అడుగున్నర లోతున కాలవ తీసి, ముప్పావు అంగుళం కంకర నింపి, కాలవ అడుగున చిల్లుల పైపు పెట్టి నీటిని పెరటి వైపు తిప్పేయండి. పునాది అడుగు మట్టం కంటే కిందికి మాత్రం తవ్వొద్దు. మట్టిలో కట్టిన గోడ ఒక పక్కకి ఒరిగిపోతుంది.

ఇంకోటి. డెల్టాలో వేసవిలో కాలవలు కట్టేశాక భూమిలో నీరు దిగుతుంది, జూన్‌లో వదలగానే మళ్లీ ఎక్కుతుంది. గార తీసి గోడ ఆరబెట్టడానికి కాలవలు కట్టేసిన రోజులే అనువైనవి. సున్నం పూతకి మాత్రం ఆ ఎండలు పనికిరావు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలు. రెండు నెలల్లో ఇస్తానన్నాడంటే ఇవేవీ ఆయన లెక్కలో లేవన్నమాట.

గౌతమీపాయ
కొలిపించాను. వీధి వైపు బయట మట్టం లోపలికంటే నాలుగంగుళాలు ఎక్కువ. పెరటి వైపు తక్కువే. అంటే ఏడాది పట్టే పనా ఇది?

సున్నపుగానుగ
అవును. వేసవిలో కప్పు విప్పి గోడ ఆరబెట్టడం, వానల్లో లోపలి చెక్క పని, శీతాకాలంలో పూత. ఇంటికి నచ్చే వరస అదే.

చెట్టుకింద_చిదంబరం
గోడలోకి కెమికల్ ఎక్కించి చెమ్మ ఆపేస్తామని ప్రకటనలొస్తాయి కదా, అది చేయించొచ్చుగా? ఏడాది ఆగడమెందుకు?

సున్నపుగానుగ
కాలిన ఇటుకని గట్టి అడుసుతో కట్టిన గోడలో అది కొంత పని చేస్తుంది. మట్టి అడుసులో మందు ఒక వరసగా వ్యాపించదు. దొరికిన సందులోంచి జారిపోతుంది. పైగా ఆ డ్రిల్లింగు అదుర్లకే మట్టి గోడలో ఇటుకలు కదులుతాయి. అలాంటి గోడకి వద్దు.

టేకుదూలం
ఇక కప్పు. ఏప్రిల్‌లో విప్పి మే నెలాఖరుకి మూసేయాలి. మొత్తం ఒకేసారి విప్పొద్దు. ఒక వాలు విప్పి, బాగుచేసి, నేసి, తర్వాతే పక్క వాలు ముట్టుకోవాలి. అకాల వర్షం వస్తే ఇల్లంతా తడవదు.

దించిన ప్రతి పెంకునీ వేలి కణుపుతో తట్టండి. ఖంగుమంటే ఉంచండి, బద్దగా పలికితే నెర్రె ఉన్నట్టే, తీసేయండి. మంగుళూరు పెంకు చదరపు అడుక్కి సుమారు 1.4 పడుతుంది. అంటే 1,500 అడుగుల వాలుకి 2,100. పాతవాటిలో పోయేవి పోగా ఇంకో 15 శాతం చేతిలో ఉంచుకోవాలి. పెంకు వెనక ఫ్యాక్టరీ ముద్ర చూడండి. ఒక్కో ఫ్యాక్టరీ పెంకుకి గాడి కొలత కొద్దిగా తేడా ఉంటుంది. ఒకే వాలు మీద రెండు రకాలు కలిపితే గాడి సరిగ్గా కూర్చోదు, గాలివానకి నీరు లోపలికి తన్నుతుంది. తక్కువ పడితే పెరటి వైపు వాలుకి పూర్తిగా కొత్తవి వేసి, అక్కడి పాతవి వీధి వైపుకి వాడండి.

పెంకులు తగిలించే అడ్డ పట్టీలు, అంటే రీపర్ల ఎడం పుస్తకం చూసి కొట్టొద్దు. మీ పెంకులే పదకొండు నేల మీద వరసగా తగిలించి, మొదటి పెంకు తల నుంచి పదకొండోదాని తల దాకా, పూర్తిగా లాగి ఒకసారి, పూర్తిగా దగ్గరికి నొక్కి ఒకసారి కొలవండి. రెంటికీ సగటు తీసి పదితో భాగిస్తే అదే మీ ఎడం. పన్నెండు, పన్నెండున్నర అంగుళాల మధ్య వస్తుంది.

రాజోలు_రేవు
చూరు వైపు మొదటి రెండు వరసలు, పక్క అంచులు రీపరుకి తీగతో కట్టించండి. 1996 నవంబరు 6 తుపాను చూసిన ఊళ్లివి. గాలి చూరు కిందనుంచి దూరి పెంకులు లేపుతుంది. అంచు నిలబడితే మధ్య కప్పు చాలావరకు నిలుస్తుంది. కొప్పు పెంకులకి సున్నం గచ్చు కొత్తగా పెట్టించాలి.

ఇంకోటి, ఇంటి మీదికి ఒరిగిన కొబ్బరిచెట్లు. ఒక్క కాయ పడితే మూడు పెంకులు పోతాయి. అతిథి తల మీద పడితే హోమ్‌స్టే పోతుంది. కాయల దింపులో ఆ చెట్లకి మొదటి వంతు ఇవ్వండి. కాయతో పాటు ఎండు మట్టలు కూడా దింపించండి.

గౌతమీపాయ
వాసాల చెదలకి?

టేకుదూలం
వాసం అంతా మార్చక్కర్లేదు. స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. పావు అంగుళం దిగి ఆగితే పైపైనే ఉన్నట్టు. మెత్తటిది చెక్కేసి బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం రెండు మూడు సార్లు తాగించండి. చివర మాత్రమే పోతే ఆ చివర కోసి పాత టేకు ముక్కతో ఏటవాలు అతుకు వేయించండి. అతుకు పొడవు వాసం మందానికి కనీసం నాలుగింతలు ఉండాలి. నాలుగంగుళాల వాసానికి పదహారు అంగుళాల అతుకు, రెండు బోల్టులు. పాత టేకు కొత్త చెట్టు టేకు కంటే గట్టిది, సగానికి సగం బాగుంటే పారేయడానికి మనసొప్పకూడదు. రాజమండ్రి, కాకినాడ వైపు పాత ఇళ్ల కలప అమ్మే అడితీలు ఉన్నాయి, ఆ కొలతకే వెతకండి.

చెదలు పైన కనిపించినా దారి కిందనుంచే. గోడ మీద మట్టి గొట్టం ఎక్కడ మొదలైందో పట్టుకోండి.

పెరటినుయ్యి
నేలలో చెద మందు విషయంలో జాగ్రత్త. మామూలు పద్ధతి ఏమిటంటే గోడా నేలా కలిసే చోట అడుగుకో కన్నం, 12 మిల్లీమీటర్లది, ఏటవాలుగా వేసి కన్నానికి లీటరు దాకా మందు నీళ్లు పోయడం. క్లోర్‌పైరిఫాస్ 20 శాతం ఈసీ (నీళ్లలో కలిపే ద్రవ మందు) అయితే లీటరు మందుకి 19 లీటర్ల నీళ్లు. కానీ మీకు పెరట్లో నుయ్యి ఉంది, ఆరేడు అడుగుల్లోనే నీరు. నూతి వైపు గోడలకి ఈ మందు ముట్టుకోవద్దు. అక్కడ ఎర పెట్టెలు పెట్టి, చెక్కకి బోరాక్స్ పూయడంతో సరిపెట్టండి. అతిథులు ఆ నూతి నీళ్లతోనే స్నానం చేస్తారు.

చెట్టుకింద_చిదంబరం
మండువా మీద షీటు మాత్రం నాకు తప్పుగా అనిపించట్లేదు. వాన పడితే వరండా అంతా జల్లు, దోమలు, పైనుంచి దొంగలు. అతిథులు సామాను పట్టుకుని తడుస్తూ గదికి పోతారా?

టేకుదూలం
మండువా మూస్తే ఇంక అది మండువా లోగిలి ఎలా అవుతుందండీ. పొద్దెక్కేకొద్దీ వేడి గాలి మండువాలోంచి పైకి పోతుంది, వీధి గుమ్మం నుంచి, పెరటి గుమ్మం నుంచి చల్ల గాలి లోపలికి వస్తుంది. షీటు వేశారంటే ఆ వేడి గాలి అక్కడే నిలబడి గదుల్లోకి తిరిగి వస్తుంది. మే నెలలో నాలుగు గదులకీ పగలంతా ఏసీ తప్పదు. వాన పడితే ఆ చప్పుడుకి మాట వినపడదు. పెంకు వాలుకీ షీటుకీ అతుకు ఎంత బాగా వేసినా మూడో వానకి కారుతుంది.

చెట్టుకింద_చిదంబరం
సరే, మరి జల్లు సంగతి?

టేకుదూలం
వరండా లోపలి చూరు వెంట వెదురు తడికలు గానీ మందపాటి కాన్వాసు తెరలు గానీ చుట్టి పైకి కట్టుకునేలా పెట్టండి. వానప్పుడు దించుతారు. దొంగల కోసం మండువా నోటికి ఇనుప చువ్వల చట్రం, ఎడం నాలుగు అంగుళాలు. పాత ఇళ్లలో ఇలాంటివి చాలాచోట్ల ఉన్నాయి. దోమలకి తెర గదుల కిటికీలకి చాలు.

షీటు వేసే తీరాలని ఇంట్లో పట్టుబడితే రెండు షరతులు. ఒకటి, లోపలి చూరు కంటే రెండున్నర మూడడుగులు పైకి లేపి నాలుగు పక్కలా ఖాళీగా వదలాలి, అంచు రెండడుగులు చూరు మీదికి రావాలి. రెండు, దాని బరువు టేకు స్తంభాల మీద పెట్టకూడదు. తుపాను గాలి షీటుని కిందికి తొయ్యదు, పైకి లాగుతుంది. షీటుతో పాటు స్తంభం తల కదిలిందంటే ఇల్లే కదులుతుంది. దానికి వేరే ఇనుప కాళ్లు ఉండాలి.

పెరటినుయ్యి
మండువా తూము లెక్క కూడా చూసుకోండి. నాలుగు వాలుల్లో లోపలికి దిగేవి కలిపి వెయ్యి చదరపు అడుగులనుకుందాం. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 4,600 లీటర్ల పైచిలుకు నీళ్లు ఆ గుంటలోకి వస్తాయి. నాలుగంగుళాల తూము ఒకటి బాగా పారితే లాగేస్తుంది. కానీ కొబ్బరి పీచు, ఆకులు అడ్డం పడితే ఒకటి చాలదు. రెండో తూము రెండంగుళాలు ఎత్తున వేరే గోడలోంచి తీయండి. మొదటిది పూడినా ఇల్లు మునగదు. పాత తూము మట్టి గొట్టాలతో ఉంటుంది, వేర్లు దూరి ఉంటాయి. మొత్తం తవ్వి మార్చడమే మంచిది. మలుపు దగ్గర మూత తీసే చిన్న గది కట్టండి.

నాలుగు మూలల్లో వాలులు కలిసే చోట వ్యాలీ రేకు ఉంటుంది కదా, కారే ఇళ్లలో సగం అక్కడే కారతాయి. ఆ రేకు పెంకుల కిందకి రెండు పక్కలా కనీసం ఆరంగుళాలు దూరాలి.

గౌతమీపాయ
ఇంట్లో షీటు మాట వెనక్కి తీసుకున్నారు. బాత్రూముల సంగతి చెప్పండి. గది మూలలో కట్టడం నాకిష్టం లేదు, కానీ పెరట్లో కామన్ బాత్రూములంటే ఎవరొస్తారు?

అతిథిగృహం_అప్పన్న
ఎవరూ రారు. గదికి అంటుకుని ఉండాల్సిందే.

పెరటినుయ్యి
గది మూలలో కడితే సున్నం గోడ రోజూ తడుస్తుంది. వెనక పంచని వాడుకోండి. గది వెనక గోడలో ఉన్న కిటికీ స్థానాన్నే గుమ్మంగా దించి, పంచలో బాత్రూము పెట్టండి. కొత్త గోడలు పాత గోడకి ఆనకుండా రెండంగుళాల ఎడం వదిలి, నాలుగంగుళాల ఇటుకతో విడిగా లేపండి. షవరు ఉన్న గోడ పాత గోడ వైపు ఉండకూడదు, పెరటి వైపు ఉండాలి. కొలత 5 అడుగులు, 7 అడుగులు ఉంటే సుఖం. 5, 6 అడుగులకి తగ్గించొద్దు.

పాత నేల తవ్వకుండా బాత్రూము నేలనే ఎనిమిదంగుళాలు ఎత్తు చేస్తే పైపులు అందులో పోతాయి. నాలుగంగుళాల పైపుకి నలభైకి ఒకటి వాలు, అంటే పది అడుగులకి మూడంగుళాలు. వాటర్‌ప్రూఫింగు నేల మీద, గోడలకి అడుగు ఎత్తు, షవరు దగ్గర ఏడడుగులు. టైలు వేసే ముందు నీళ్లు కట్టి రెండు రోజులు ఆగి చూడండి. వెంటు పైపు (వాసన గాలి పోయే గొట్టం) కోసం పెంకుకి కన్నం వద్దు, చూరు బయటినుంచి పైకి తీయండి.

సెప్టిక్ ట్యాంకు అసలు తలనొప్పి. నాలుగు గదులు, ఇంటివాళ్లు కలిపి పన్నెండు పదిహేను మంది అనుకుంటే లోపలి కొలత 2 మీటర్ల పొడవు, 0.9 వెడల్పు, నీటి లోతు 1.3 మీటర్లు. నూతికి 15 మీటర్ల దూరం తప్పనిసరి. కోనసీమలో వానాకాలం భూమి నీళ్లతో నిండి ఉంటుంది కాబట్టి సోక్ పిట్ (ఇంకుడు గుంత) పని చేయదు, వెనక్కి తన్నుతుంది. ట్యాంకు నుంచి వచ్చే నీటిని నేలకి పైన కట్టిన కంకర మడిలోకి తోలి, అందులో మెట్టతామర నాటండి. మురుగు నీరు అంటే దానికి ఇష్టం, పూలు కూడా బాగుంటాయి. వానాకాలంలో ట్యాంకు ఖాళీ చేయించొద్దు. ఖాళీ ట్యాంకుని కింది నీరు పైకి తేలుస్తుంది, పైపులు విరుగుతాయి.

నాపరాయి
నేల సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత నాపరాళ్ల మీద విట్రిఫైడ్ వేయొద్దు. బండల సందుల్లోంచి వచ్చే చెమ్మ అక్కడ ఆగి గోడలోకి పాకుతుంది. సున్నపుగానుగ గారు గోడకి చేసిన పనంతా పోతుంది. కదిలే బండలకి నంబర్లు వేసి లేపి, కింద మట్టి దిమ్మిస కొట్టి, సున్నం ఇసుక పరుపు రెండంగుళాలు వేసి మళ్లీ అక్కడే పరవండి. సందుకి సున్నం, సుర్ఖీ.

బాత్రూము కడిగే యాసిడ్ ఈ బండల మీద చుక్క కూడా పడకూడదు. కడప, బేతంచెర్ల బండలు సున్నపురాయే, యాసిడ్‌కి పొంగి మెరుపు పోయి తెల్లమచ్చలు పడతాయి. పనివాళ్లకి ముందే చెప్పి, ఆ సీసాలు ఇంట్లో లేకుండా చేయండి. మండువాలో పాచికి గట్టి బ్రష్షు, సోడా నీళ్లు చాలు.

ఆస్టిన్_ఆంజనేయులు
అమెరికాలో ఆస్టిన్ నుంచి చదువుతున్నాను. రాజోలు దగ్గర మాకూ ఇలాంటి ఇల్లే తాళం వేసి ఉంది. మనిషిని పెట్టి నడిపించొచ్చా?

అతిథిగృహం_అప్పన్న
కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ గుర్తింపు కావాలంటే యజమాని కుటుంబం ఆ ఇంట్లో ఉండాలి. గదులు ఒకటి నుంచి ఆరు దాకా, పన్నెండు మంచాలు మించకూడదు. మీ ఇంట్లో ఎవరూ ఉండకపోతే అది గెస్ట్ హౌస్ లెక్కలోకి పోతుంది, లైసెన్సులు వేరు. గౌతమీపాయ గారికి ఆ ఇబ్బంది లేదు, బాబాయి గారి పేరు మీదే పెట్టండి. టిఫిను పెడతారు కాబట్టి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషను తీసుకోవాలి. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్న మన తెలుగువాళ్లకీ అంతే, చుట్టాల్లా మాట్లాడుతున్నారని వదిలేయకండి.

ఫేజ్_న్యూట్రల్
కరెంటు. నాలుగు ఏసీలు ఒకటిన్నర టన్నువి సుమారు 6.5 కిలోవాట్లు, నాలుగు గీజర్లు 8, మోటారు, వంటిల్లు, ఫ్యాన్లు కలిపి 3. మొత్తం 17 పైన. అన్నీ ఒకేసారి ఆడవు కాబట్టి 10, 11 కిలోవాట్ల లోడు పెట్టుకోండి, త్రీ ఫేజ్. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, గీజరుకి 2.5, ఒక్కోదానికి విడి ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్). 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్) లేకుండా బాత్రూములో గీజరు పెట్టొద్దు. పాత ఎర్తు గుంట ఉప్పూ బొగ్గూ అయిపోయి ఉంటుంది, కొత్తది తీయాలి.

సున్నం గోడని గాడి కొట్టి పైపు పెట్టొద్దు, మట్టి అడుసు రాలిపోతుంది. దూలం పక్కన, ద్వారబంధం పక్కన పైపైనే తీసుకెళ్లండి. అటక మీద మాత్రం పీవీసీ పైపు వద్దు, ఇనుప కాండ్యూట్. ఎలుకలు, ఉడతలు పీవీసీ కొరికి తీగ దాకా పోతాయి. ఎండు చెక్క మధ్య నిప్పురవ్వ అంటే చెప్పక్కర్లేదు. ప్లగ్గులు నేలకి మూడున్నర అడుగుల ఎత్తున పెట్టండి, ఏటి నీరు వచ్చే ఊరైతే మరీ.

చెట్టుకింద_చిదంబరం
పెంకుటింట్లో ఏసీ ఆగుతుందా? చల్లదనమంతా పెంకుల సందుల్లోంచి పోదూ?

టేకుదూలం
పోతుంది. గదికి చెక్క అటక ఉంటే పలకల సందులు మూసి, పైన రాక్‌వూల్ (వేడినీ చప్పుడునీ ఆపే రాతి ఊలు) పరిస్తే సరి. అటక లేకపోతే దూలాల మట్టంలో పలకలతో కప్పు వేయండి. కానీ పలకలకీ పెంకులకీ మధ్య గాలి ఆడాలి. మనిషి దూరేంత తలుపు ఒకటి పెట్టాలి, అయిదారు నెలలకోసారి ఎక్కి చెదలు చూడాలి. పూర్తిగా మూసేసిన కప్పు లోపల ఏం జరుగుతోందో వాసం విరిగేదాకా తెలియదు.

దీనికే ఇంకో ప్రయోజనం. ఈ ఇళ్లలో గదుల మధ్య గోడ దూలం దాకానే ఉంటుంది, ఆ పైన కప్పు కింద అంతా ఒకటే ఖాళీ. ఈ గదిలో గుసగుస ఆ గదిలో వినపడుతుంది. కొత్తగా పెళ్లయినవాళ్లు ఇక్కడ, పిల్లలతో వచ్చినవాళ్లు పక్కన. ఇద్దరికీ నిద్రుండదు. ఆ ఖాళీలో ఇటుక కట్టొద్దు, దూలం మీద బరువు. రెండు వరసల పలకలు, మధ్యలో రాక్‌వూల్.

అతిథిగృహం_అప్పన్న
అతిథుల నుంచి వచ్చే ఫిర్యాదుల్లో చప్పుడే మొదటిది. తర్వాత వేడి నీళ్లు, తర్వాత దోమలు. మంచం అందం గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. టేకుదూలం గారి మాట తప్పక చేయండి.

గౌతమీపాయ
స్తంభాలకి, తలుపులకి ఎన్నో పూతల ఆకుపచ్చ ఎనామిల్ ఉంది. కింద టేకు కనపడాలని పిన్ని కోరిక.

టేకుదూలం
పాత ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా ఇసుక కాగితం గానీ మిషను గానీ పెట్టొద్దు, ఆ దుమ్ము పిల్లలకి విషం. రంగు వదిలించే జెల్ పూసి, మెత్తబడ్డాక తడి మీదే గీకాలి. చెక్కుడు పని ఉన్నచోట వెదురు పుల్ల, పళ్ల బ్రష్షు. గీకిన రంగు ముద్ద సంచిలో కట్టేయాలి, పెరట్లో తగలబెట్టకూడదు.

తర్వాత వార్నిష్ వద్దు. కాచిన అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో మొదటి పూత. తర్వాతి రెండు పూతలు నూనె ఎక్కువ చేసి పల్చగా. పావుగంటకి మిగిలిన నూనె తుడిచేయాలి, లేకపోతే జిగట మిగిలి దుమ్ము పడుతుంది. ఆ తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేయొద్దు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ల బకెట్‌లో ముంచండి. అటక మీద కనపడని వాసాలకి జీడి నూనె చాలు, చేతికి తొడుగులు వేసుకోవాలి, చర్మం కాలుతుంది.

అద్దకం_అరుణ
అలంకరణ మాట ఇప్పుడు ఎత్తవచ్చా? గోడకి సున్నమే వేయండి, ఎమల్షన్ వద్దు. పల్చగా నాలుగైదు పూతలు, ప్రతి పూతకీ మధ్య ఒక రోజు. కొద్దిగా జిగురు కలిపితే బట్టలకి అంటదు. తెలుపులో నీలిమందు చిటికెడు. గోడ తెల్లగా, చెక్క నల్లగా, నేల బూడిద రంగుగా ఉన్న ఇంట్లో రంగు బట్టలతోనే తేవాలి. పక్కనే బండార్లంక, కాస్త దూరంలో ఉప్పాడ, పెడన ఉండగా బయటినుంచి కర్టెన్లు తెప్పించడం దేనికి? కిటికీలకి నరసాపురం లేసు, పరుపు మీదికి పెడన అద్దకం దుప్పటి. అద్దకం మాత్రం నేరుగా ఎండ పడే చోట కట్టొద్దు, ప్రకృతి రంగులు వెలిసిపోతాయి. మంచం మీద పరిచే పక్క దుప్పట్లు తెల్ల నూలే ఉండాలి. మరక కనపడితేనే ఉతుకుతారు.

నాపరాయి
ఆత్తంగుడి టైల్సు వరండాలో వేస్తే ఎలా ఉంటుంది? ఈమధ్య అందరూ వేస్తున్నారు.

అద్దకం_అరుణ
అందమైనవే, కానీ అవి చెట్టినాడు ఇంటివి. కోనసీమ ఇంటికి వచ్చినవాళ్లు కోనసీమ ఇల్లు చూడాలి. బాత్రూములు కొత్తగా కడుతున్నారు కదా, అక్కడ వేసుకోండి, పాత ఇంటి నేల ముట్టుకోకుండా.

నాపరాయి
దానికి ఒప్పుకుంటాను. బాత్రూములో వేసినా యాసిడ్ మాట గుర్తుంచుకోండి, సిమెంటు టైలుకీ అదే గతి.

అద్దకం_అరుణ
పందిరిమంచం ఉంటే పారేయకండి, దోమతెర కట్టడానికి దాన్ని మించింది లేదు. పాత మంచాలు పొట్టివి, ఆరడుగుల మనిషికి కాళ్లు బయటికొస్తాయి. పక్క పట్టెలు మాత్రమే పొడవైనవి చేయించి లోపలి కొలత 78 అంగుళాలకి తెండి, తలకట్టు అలాగే ఉంటుంది. పాత పటాలు గోడకి ఆనించకుండా వెనక నాలుగు మూలలా బిరడా ముక్కలు అంటించి అర అంగుళం ఎడంగా వేలాడదీయండి, లేకపోతే చెమ్మకి బొమ్మ మీద బూజు పడుతుంది. బల్బులు 2700 కెల్విన్ పసుపు వెలుగువి. తెల్ల ట్యూబులైటు కింద టేకు చచ్చినట్టుంటుంది.

రాజోలు_రేవు
ఉయ్యాల బల్ల వేస్తారుగా? వాసానికి కాదు, దూలానికే. దూలం చుట్టూ ఇనుప పట్టీ తిప్పి బోల్టు వేయాలి. ఒంటి కొక్కెం దూలంలోకి మేకులా దించితే చెక్క చీలుతుంది. అతిథులు వాడే ముందు నాలుగు సిమెంటు బస్తాలు, అంటే 200 కిలోలు, ఒక రాత్రి పెట్టి చూడండి.

అతిథిగృహం_అప్పన్న
గడపల మాట. పాత గుమ్మాలు ఎత్తు తక్కువ, గడప ఎత్తెక్కువ. తల తగలడం, కాలు తగలడం రెండూ ఖాయం. గడప కోసేయొద్దు. గడపకి, మండువా అంచుకి నేల మట్టంలో చిన్న రాత్రి దీపాలు పెట్టండి. నాలుగు గదుల్లో ఒకటైనా మెట్టు లేకుండా వీధి గుమ్మం నుంచి నేరుగా వెళ్లేలా చూసి, ఆ బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీలు వేయించండి. తాతమ్మల్ని తీసుకొచ్చే కుటుంబాలు ఆ గదే అడుగుతాయి.

గౌతమీపాయ
కాంట్రాక్టరుని వద్దనేశాం. కప్పుకి ఒక వడ్రంగి, పెంకు నేసే మనిషి దొరికారు, వచ్చే ఏప్రిల్‌కి ఒప్పుకున్నారు. వీధి వైపు కంకర కాలవ ఈ నెలలోనే మొదలు. సున్నం ఇప్పుడే కొని ఉంచుకోవాలా, పని ముందు కొనాలా?

సున్నపుగానుగ
ఇప్పుడే కొనండి. సంచుల్లో వచ్చే పొడి సున్నం కాదు, కాల్చిన గుల్ల గానీ రాయి గానీ గడ్డలుగా. తొట్టిలో ముందు నీళ్లు పోసి, గడ్డలు కొద్దికొద్దిగా అందులో వేయాలి. గడ్డల మీద నీళ్లు పోస్తే చిమ్ముతుంది, కళ్లు పోతాయి. కళ్లద్దాలు, తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దు. ఉడికాక వలలో వడగట్టి, పైన నాలుగంగుళాలు నీళ్లు నిలిచేలా మూత పెట్టి ఉంచండి. కనీసం మూడు వారాలు ఊరాలి, ఎన్ని నెలలు ఊరితే అంత నునుపు. నీళ్లు తగ్గితే పోస్తూ ఉండాలి, గాలి తగిలితే పైన గట్టిపడుతుంది.

గౌతమీపాయ
తొట్టి సిమెంటుదైనా పర్లేదా?

సున్నపుగానుగ
పర్లేదు. పిల్లలకి, దూడలకి అందకుండా పెరట్లో చుట్టూ కంచె కట్టండి.